"దీన్ని ఏ కాలమ్‌లో వెయ్యాలి?" – తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల పెద్దలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, అకడమిక్ కౌన్సిళ్లకు, సెలెక్షన్ కమిటీల సభ్యులకు,

నమస్కారం.

పోయిన నెలలో నా దగ్గర పీహెచ్‌డీ చేసిన అమ్మాయి ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చింది. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. ఎక్కడికి వెళ్లినా ఇదే జరిగి ఉండేది. ఆమె ఐదేళ్లు తిరిగి తెలుగు చేతిరాత నమూనాలు సేకరించింది. బడిపిల్లల దగ్గర వాళ్ల అమ్మానాన్నల సంతకాలు తీసుకుని, బ్యాంకులో పాస్‌బుక్ పట్టుకుని కూర్చున్న పెద్దవాళ్లని బతిమాలి, తలా ఒక పేజీ రాయించుకుంది. ఒక్కో అక్షరానికీ, ఒక్కో ఒత్తుకీ గుర్తు పెట్టింది. ఆ రాతని చదివే ప్రోగ్రామ్‌తో సహా అంతా ఎవరైనా ఉచితంగా వాడుకునేలా బయట పెట్టింది. ఇవాళ ఆమెకి ముఖపరిచయం కూడా లేని పరిశోధకులు దాని మీద పనిచేస్తున్నారు. కమిటీలో ఒక పెద్దాయన ఫైలు తిరగేసి, కటువుగా ఏం కాదు, నిజంగానే తెలియక అడిగారట: "బాగుందమ్మా, కానీ దీన్ని ఏ కాలమ్‌లో వెయ్యాలి?"

ఆమె ఏం చెప్పలేకపోయింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి అదే ప్రశ్న నన్ను అడిగింది. కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ముప్పై ఐదేళ్లు దాటింది, వచ్చే జూన్‌లో రిటైర్ అవుతున్నాను, నా దగ్గరా జవాబు లేదు. పద్దెనిమిదేళ్ల కిందట నా ప్రమోషన్ ఇంటర్వ్యూలోనూ ఇంచుమించు ఇదే ప్రశ్న వచ్చింది. అప్పుడు మాట్లాడకుండా బయటికొచ్చేశాను. ఈసారి ఊరుకోదలచుకోలేదు. పరిశోధన కోసం తయారుచేసి అందరికీ ఇచ్చిన డేటాకి, సాఫ్ట్‌వేర్‌కి మీ మార్కుల పట్టికల్లో చోటివ్వమని, అవి పోకుండా కాపీలు దాచమని అడగడానికే ఈ ఉత్తరం.

ఈ పని మీద నాకెందుకింత పట్టింపో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. నేను ఎంటెక్ చదివే రోజుల్లో మా లైబ్రరీకి విదేశీ జర్నల్స్ ఓడ మీద వచ్చేవి. అచ్చయిన ఆరేడు నెలలకి మా బల్ల మీదికి చేరేవి. 1991లో రూపాయి విలువ తగ్గించాక అవీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. పాత సంచికలన్నీ బైండు చేసి ఉండేవి, వాటి పక్కన ర్యాక్ ఖాళీగా ఉండేది. ఏదైనా పేపర్ కావాలంటే రాసినవాళ్లకే ఉత్తరం వేయాలి. దానికి రీప్రింట్ రిక్వెస్ట్ కార్డులని అచ్చు కార్డులుండేవి. పేపర్ పేరు, సంచిక నంబరు నింపి, ఎయిర్‌మెయిల్ స్టాంపు అంటించి పంపేవాళ్లం. పది కార్డులు వేస్తే మూడో నాలుగో జవాబులు వచ్చేవి.

ఒకసారి ఒక పెద్దమనిషి పేపర్‌తో పాటు తన ప్రోగ్రామ్ మొత్తం ప్రింట్ తీసి పంపారు. రెండు అంచులా చిల్లులున్న పొడవాటి కాగితం, మడతలు మడతలుగా. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఆ ప్రోగ్రామ్‌ని రాత్రిళ్లు ల్యాబ్‌లో కూర్చుని అక్షరం అక్షరం టైపు చేసుకున్నాను. పేపర్ నాలుగుసార్లు చదివినా నాకు ఎక్కని సంగతి, ఆ ప్రోగ్రామ్ టైపు చేస్తుంటే మూడోరోజు రాత్రి అర్థమైంది. పేపర్‌లో లేని చిన్న చిన్న నిర్ణయాలన్నీ అందులో ఉన్నాయి. అంకెల్ని ఎక్కడ రౌండ్ చేశారు, ఏ అంకె దగ్గర ఆపేశారు, ఏది కుదరక వదిలేశారు, అన్నీ. మా రంగంలో అసలు పని ఉండేది కోడ్‌లో, డేటాలో. పేపర్ అనేది ఆ పని గురించి చెప్పే కబురు. నేను ఈ ఉత్తరంలో అడగబోయేదంతా ఆ రాత్రి నాకు తెలిసొచ్చిన సంగతి నుంచే పుట్టింది.

తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతికశాస్త్రవేత్త లాస్ అలమోస్‌లో ఒక కంప్యూటర్ పెట్టి, తోటివాళ్ల పేపర్లు అచ్చుకి ముందే ఈమెయిల్‌లో అందేలా చేశారు. ఇవాళ అందరం వాడే ఆర్కైవ్ (arXiv.org) అదే. 1998లో కంప్యూటర్ సైన్స్‌కీ అందులో చోటు ఏర్పడింది. దాదాపు అదే సమయంలో ప్రిన్స్‌టన్‌లోని ఎన్ఈసీ పరిశోధన సంస్థలో స్టీవ్ లారెన్స్, లీ జైల్స్, కర్ట్ బొలాకర్ కలిసి సైట్‌సీర్ తయారుచేశారు. రచయితలు తమ తమ పేజీల్లో పెట్టుకున్న పేపర్లని అది వెతికి పట్టుకుని, ఏది దేన్ని ప్రస్తావించిందో కూడా చూపించేది. మా ఊళ్లో డయలప్ కనెక్షన్. ఒక్క పేపర్ దిగడానికి ముప్పావుగంట పట్టేది. మధ్యలో లైన్ తెగితే మళ్లీ మొదటికి రావాల్సిందే. అయినా నా పీహెచ్‌డీ నడిచింది వాటి మీదే. మా లైబ్రరీ కొనగలిగిన జర్నల్స్ మీదే ఆధారపడి ఉంటే అది ఎన్నటికీ పూర్తయ్యేది కాదు.

ఈ తలుపులు వాటంతటవే తెరుచుకోలేదు. తెరిచినవాళ్లు మీలాగే కుర్చీల్లో కూర్చున్నవాళ్లు. 2001లో 'మెషిన్ లెర్నింగ్' అనే జర్నల్ సంపాదకవర్గం నుంచి నలభై మంది ఒకేసారి రాజీనామా చేసి, తమ పేపర్లు ఎవరైనా ఉచితంగా చదువుకోగల కొత్త జర్నల్‌వైపు నిలబడ్డారు. దాన్ని అప్పటికే లెస్లీ కేల్బ్లింగ్ మొదలుపెట్టి ఉన్నారు. అదే జర్నల్ ఆఫ్ మెషిన్ లెర్నింగ్ రీసెర్చ్, పొట్టిగా జేఎంఎల్ఆర్. ఇవాళ ఆ రంగంలో దాన్ని తక్కువగా చూసేవాళ్లు ఎవరూ లేరు. 2003 అక్టోబరులో పేరున్న కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ తాను సంపాదకవర్గంలో ఉన్న 'జర్నల్ ఆఫ్ ఆల్గరిదమ్స్' సభ్యులందరికీ ఒక పెద్ద ఉత్తరం రాశారు. పేజీకి ఎంత ధర పడుతోందో, అది ఏటేటా ఎలా పెరిగిందో లెక్కగట్టి చూపించి, ఏం చేద్దామో చెప్పమని ఓపిగ్గా అడిగారు. కొద్ది నెలల్లోనే సంపాదకవర్గం అంతా తప్పుకుని, కంప్యూటర్ శాస్త్రవేత్తల సంఘం ఏసీఎం కింద తక్కువ ధరకి ఇంకో జర్నల్ పెట్టుకుంది. ఎక్కడా నినాదాల్లేవు, ధర్నాల్లేవు. కుర్చీలో ఉన్నవాళ్లు లెక్క చూసి, ఇది సరికాదనుకుని లేచి వెళ్లారు. నేను ఈ ఉత్తరాన్ని మంత్రులకి కాకుండా మీకు రాయడానికి కారణం అదే.

ఇక చదవడానికి పేపర్లు దొరకడం ఒక సంగతి, మనం చేసింది నిలబడటం ఇంకో సంగతి. నన్ను బాధపెట్టింది ఈ రెండోది.

2000 దాటాక తెలుగు అక్షరాల మీద పని మొదలుపెట్టాను. అప్పటికి అన్ని భాషల అక్షరాలకీ ఒకే ప్రామాణిక కోడుగా యూనికోడ్ ఉన్నా పత్రికల్లో, ప్రెస్సుల్లో ఒక్కో డీటీపీ సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో కోడు. తెర మీద 'అమ్మ' అని కనిపిస్తుంది, లోపల ఉండేవి మాత్రం సంబంధం లేని ఇంగ్లిష్ గుర్తులు. ఫాంటు తీసేస్తే అది భాషే కాదు. మేం నలుగురం కలిసి ఆ కోడుల్ని విప్పి యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రామ్‌లు రాశాం. చిన్న ప్రెస్సులవాళ్లు, పల్లెల్లో పత్రికలు నడిపేవాళ్లు తమ పాత ఫైళ్లు సీడీల్లో తెచ్చి ఇచ్చారు. వాటిని మార్చి, తప్పులు దిద్ది, కొన్ని లక్షల తెలుగు మాటల సేకరణ తయారుచేసి ఒక సంస్థ సర్వర్‌లో పెట్టాం. ప్రాజెక్టు నిధులు మూడేళ్లకే. నాలుగో ఏడు సర్వర్ గది చూసే అబ్బాయి కాంట్రాక్టు అయిపోయింది. ఆ వేసవిలో ఏసీ చెడిపోయింది. డిస్కు పోయింది. బ్యాకప్ ఉందన్నారు. అది కూడా అదే గదిలో, అదే మెషీన్‌లో రెండో డిస్కు.

ఎవరి మీదా ఫిర్యాదు చేయడం లేదు. ఆ గది చూసినవాళ్లు నా స్నేహితులు. కానీ నేను ఆ రోజు డిపార్ట్‌మెంట్ వెనక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మా కోసం తన ఇరవయ్యేళ్ల పత్రిక ఫైళ్లు ఇచ్చిన ఒక పెద్దాయన అప్పటికే చనిపోయారు. ఆయన ఇంట్లో సీడీలు బూజు పట్టిపోయాయి. మళ్లీ అడగడానికి మనిషి లేడు.

ఏడాదిన్నర తర్వాత అనుకోకుండా ఒక ఈమెయిల్ వచ్చింది. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ సరదాగా తెలుగు స్పెల్ చెకర్ రాసుకుంటున్న ఒక కుర్రాడు, మా సేకరణలో ఒక తప్పు కనిపించిందని రాశాడు. తను ఎప్పుడో దించుకుని పెట్టుకున్న కాపీ అది. నేను తప్పు సంగతి పక్కనపెట్టి, ఆ కాపీ మొత్తం పంపమని అడిగాను. మూడొంతులు దొరికింది. ఆఖరి ఏడాది పని మాత్రం పోయింది, ఇప్పటికీ లేదు. మా పని బతికింది మా సర్వర్ వల్ల కాదు. మేం దాన్ని ఓపెన్‌గా పెట్టాం కాబట్టి, మాకు తెలియని ఒక మనిషి దగ్గర ఒక కాపీ ఉంది కాబట్టి.

ఇది నా ఒక్కదాని అనుభవమే అయితే మీ సమయం తీసుకునేదాన్ని కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు మీకందరికీ తెలుసు. పుస్తకం ఎక్కడున్నా ఏ పల్లెలో పిల్లవాడైనా ఉచితంగా చదువుకోగలగాలని ఆయన కార్నెగీ మెలన్ నుంచి మిలియన్ బుక్ ప్రాజెక్టు నడిపారు. అమెరికా, చైనా, భారత్, ఈజిప్ట్ సంస్థలు కలిసి చేసిన ఆ పనిలో 2007 నాటికి 15 లక్షల పుస్తకాల స్కానింగ్ పూర్తయింది. మన దేశంలో దాని పేరు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎన్. బాలకృష్ణన్ గారు దాన్ని చూసుకునేవారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పెద్ద స్కానింగ్ కేంద్రం ఉండేది. మన పాత గ్రంథాలయాల్లో పొడిపొడి అయిపోతున్న తెలుగు పుస్తకాలు అలా వేలల్లో బొమ్మలుగా మారాయి. తెలుగు సాహిత్యం మీద పరిశోధన చేసేవాళ్లని అడగండి, ఒక్కో పుస్తకానికి అందులో ఇచ్చిన బార్‌కోడ్ నంబర్లు కొందరికి నోటికొచ్చు.

తర్వాత కొన్నేళ్లకి ఆ సైటు తెరుచుకోవడం మానేసింది. కాపీరైటు తేలని పుస్తకాల గొడవ కూడా ఉంది, అది వేరే చర్చ. ఇవాళ మీరు, నేను ఆ పుస్తకాలు చూడగలుగుతున్నామంటే, కార్ల్ మాలముద్ అనే అమెరికన్ అందులోంచి నాలుగు లక్షలకి పైగా పుస్తకాల్ని కాపీ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ లైబ్రరీలో పెట్టారు కాబట్టి. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు వాటిలో కొన్నింటిని పేజీ పేజీ దిద్ది, వెతకడానికి వీలైన అక్షరాలుగా మారుస్తున్నారు. అంత పెద్ద ప్రయత్నానికే ఇలా జరిగితే, రెండు గదుల డిపార్ట్‌మెంట్‌లో ఒక రీసెర్చ్ స్కాలర్ పెన్‌డ్రైవ్‌లో ఉన్న డేటా గతేమిటి?

దీనికి మందు వికేంద్రీకరణ. ఆ మాటకి నా ఉద్దేశం ఇంతే: ఒకే చోట ఉండకూడదు, ఒకే తాళం కింద ఉండకూడదు. ఇది మన భాషకి కొత్త సంగతేం కాదు. 1820లో కడపకి వచ్చిన బ్రౌన్ దొర వేమన పద్యాలు వెతకడం మొదలుపెడితే, ఊరికో ప్రతి, ప్రతికో పాఠం దొరికాయి. ఆయన లేఖకుల్ని పెట్టి వాటిని రాయించి, ఒకదానితో ఒకటి పోల్చి, 1829లో అచ్చు వేయించగలిగారు. వేమన ఒకే తాటాకు కట్టలో, ఒకే మఠంలో ఉండి ఉంటే ఆ పని ఎక్కడ మొదలయ్యేది?

కాపీలు పెరిగితే ఏది అసలు, ఏది మార్చినదో ఎలా తెలుస్తుందని మీలో కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. దీనికి మా రంగంలో చక్కటి జవాబు ఉంది. ఒక ఫైలులోని అక్షరాలన్నిటి నుంచి ఒక చిన్న గుర్తు లెక్కగట్టొచ్చు. దాన్ని హ్యాష్ అంటాం. ఫైలులో ఒక్క కామా మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. ప్రోగ్రామ్‌లో చేసిన ప్రతి మార్పునీ దాచిపెట్టడానికి 2005 నుంచి ప్రపంచమంతా వాడుతున్న గిట్ పనిచేసేది ఈ లెక్క మీదే. అందులో ఒక ప్రాజెక్టుని మామూలుగా దించుకున్న ప్రతివాడి దగ్గరా మొత్తం చరిత్ర ఉంటుంది. మన జిరాక్సు కాపీకి గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కావాలి కదా, ఇక్కడ కాపీయే తన అటెస్టేషన్ తనతో పట్టుకొస్తుంది. అది ఎవరి చేతి నుంచి వచ్చినా, ఏ దేశపు సర్వర్ నుంచి వచ్చినా, మొదట రాసి పెట్టుకున్న గుర్తుతో సరిపోతే అది అసలే.

ఈ ఆలోచన మీద ఒక జీవితం పెట్టిన మనిషి రాబర్టో డి కాస్మో. ఇటలీలో పుట్టి పారిస్‌లో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్‌గా స్థిరపడ్డారు. ప్రోగ్రామింగ్ భాషల సిద్ధాంతం మీద పనిచేస్తూ, తొంభైల చివరి నుంచే మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్ ప్రమాదం గురించి మాట్లాడుతూ వచ్చారు. ప్రోగ్రామ్‌లు దాచుకునే గిటోరియస్ అనే సైటు 2015లో మూతపడింది. 2016 జనవరిలో అలాంటిదే గూగుల్ కోడ్ కూడా మూతపడింది. లక్షల మంది రాసిన ప్రోగ్రామ్‌లు ఒక కంపెనీ నిర్ణయంతో కనపడకుండా పోగలవని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. అదే ఏడు ఫ్రాన్స్ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇన్రియాలో ఆయన, స్టెఫానో జాకిరోలి కలిసి సాఫ్ట్‌వేర్ హెరిటేజ్‌ని లోకం ముందు పెట్టారు. కోడ్‌ని అందరికీ తెరిచి ఉంచిన, అంటే ఓపెన్ సోర్స్, ప్రోగ్రామ్ దొరికిన ప్రతిదాన్నీ చరిత్రతో సహా దాచడమే దాని పని. యునెస్కో తోడు నిలిచింది. ఇవాళ అందులో 2 వేల కోట్లకి పైగా ఫైళ్లున్నాయి. అంతా ఒకే చోట పెట్టుకోకుండా, వేరే సంస్థల దగ్గర పూర్తి నకళ్లు ఉండాలన్నది కూడా వాళ్ల పద్ధతిలో భాగం. అందులో ఉన్న ఏ ప్రోగ్రామ్‌కైనా, అందులోని ఒక్క వరసకైనా, పేపర్‌లో ప్రస్తావించడానికి వీలైన శాశ్వతమైన గుర్తు ఉంటుంది. నా విద్యార్థిని కోడ్ కూడా అక్కడ ఉంది. పైసా ఖర్చు కాలేదు, సిఫారసు అక్కర్లేదు. చిరునామా ఇచ్చి ఒక బటన్ నొక్కితే చాలు. డేటా దాచడానికి ఐరోపా భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ నడిపే జెనోడో ఉంది, అదీ ఉచితమే.

ఈ మధ్య 'డీసై' అనే మాట వినపడుతోంది. వికేంద్రీకృత సైన్స్ అంటూ కొందరు టోకెన్లు, క్రిప్టో తెస్తున్నారు. ప్రయోగాలు చేసేవాళ్లని చేయనిద్దాం. నేను అడిగేదానికి టోకెన్ అక్కర్లేదు, పెట్టుబడి అక్కర్లేదు. మీరు వికేంద్రీకరణ అనగానే క్రిప్టో అనుకుని ఈ ఉత్తరం పక్కన పడేయకుండా ఉండటానికే ఇది చెప్పాను.

ఇప్పుడు కాలమ్ సంగతికి వస్తాను. 2018 యూజీసీ నిబంధనల్లో పరిశోధన మార్కుల పట్టిక ఉంది కదా. ఇంజనీరింగ్, సైన్స్ వాళ్లకి జర్నల్ పేపర్‌కి 8 మార్కులు, దానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని, అంటే ఆ జర్నల్ పేపర్లని ఇతరులు ఎంతగా ప్రస్తావిస్తున్నారన్న లెక్కని బట్టి అదనం. పుస్తకాలకి ఉన్నాయి, పేటెంట్లకి ఉన్నాయి, ఆన్‌లైన్ కోర్సులకి ఉన్నాయి, ఆహ్వాన ప్రసంగాలకి ఉన్నాయి. పరిశోధన కోసం రాసి అందరికీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌కి వరస లేదు. డేటాసెట్‌కి వరస లేదు. ఫలితం మీ కళ్ల ముందే ఉంది. ఐదేళ్లు చేతిరాతలు సేకరించిన అమ్మాయికి ఏమీ రాదు. డబ్బు కట్టి నెలకో పేపర్ వేయించుకున్నవాడికి మార్కులు వస్తాయి. ఆ అమ్మాయి తర్వాతి బ్యాచ్ పిల్లలు తెలివైనవాళ్లే, చూస్తున్నారు, నేర్చుకుంటున్నారు. "మేడమ్, డేటా పనిలోకి నన్ను తీసుకోవద్దు, పేపర్లు కావాలి" అని పోయిన ఏడు ఒక కుర్రాడు నా ముందే అన్నాడు. వాడి ఇంటి పరిస్థితి నాకు తెలుసు. వాణ్ని తప్పుపట్టలేకపోయాను.

యూజీసీ కూడా ఈ తిప్పలు గమనించినట్టే ఉంది. 2022లో పీహెచ్‌డీకి ముందు పేపర్ అచ్చవ్వాలన్న నియమం తీసేసింది. 2025 జనవరిలో నియామకాలకి తెచ్చిన కొత్త ముసాయిదాలో మార్కుల లెక్క వదిలేసి, అభ్యర్థి చేసిన పని మొత్తాన్ని కమిటీయే చూసి తేల్చాలంది. ఆ ఫిబ్రవరిలోనే తాను ఒప్పుకునే జర్నల్స్ జాబితా యూజీసీ-కేర్‌ని ఆపేసి, జర్నల్స్ మంచిచెడ్డలు మీరే చూసుకోండని సంస్థలకి వదిలేసింది. అంటే ఢిల్లీ నుంచి పట్టిక వచ్చేదాకా మనం ఏం చేయలేం అనే మాట ఇక చెల్లదు. విచక్షణ మీ చేతికి వస్తోంది.

ఇందులో మీరు మొదటివాళ్లు కూడా కారు. పరిశోధకుల్ని జర్నల్ పేరుతో కాక, డేటా, సాఫ్ట్‌వేర్‌తో సహా వాళ్లు చేసిన పనితో తూచాలని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన చెప్పింది. 2021 నవంబరులో యునెస్కో సభ్య దేశాలు ఓపెన్ సైన్స్ సిఫారసుని ఆమోదించాయి, మన దేశం అందులో సభ్యురాలే. అంతకుముందే, 2014 డిసెంబరులో, మన కేంద్ర బయోటెక్నాలజీ, సైన్స్-టెక్నాలజీ శాఖలు డీబీటీ, డీఎస్‌టీ తమ నిధులతో వచ్చిన పేపర్లని సంస్థ రిపాజిటరీలో, అంటే దాని ఆన్‌లైన్ భాండాగారంలో, అందరికీ అందుబాటులో పెట్టాలని విధానం తెచ్చాయి. ఆ రిపాజిటరీ మీ విశ్వవిద్యాలయంలో ఉందా, ఉంటే ఇవాళ తెరుచుకుంటోందా అని మీ లైబ్రేరియన్‌ని ఒక్కసారి అడిగి చూడండి.

'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' వచ్చింది కదా, ఇంకేం కావాలని అనొచ్చు. 2024 నవంబరులో కేంద్రం మూడేళ్లకి 6 వేల కోట్ల రూపాయలు ఇచ్చింది, 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13 వేల జర్నల్స్ ప్రభుత్వ విద్యాసంస్థలకి అందుతున్నాయి. నా ఎంటెక్ రోజుల నాటి ఖాళీ ర్యాక్ గుర్తొచ్చి ఆ వార్త చదివిన రోజు నిజంగా సంతోషించాను. కానీ అది మనం వేరేవాళ్లది చదవడానికి కట్టే డబ్బు. మనది నిలబెట్టుకోవడానికి అందులో ఏమీ లేదు. పైగా మన రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లల్లో ఎక్కువమంది ప్రైవేటు కాలేజీల్లో ఉన్నారు, ఇప్పటికైతే ఆ చందా వాళ్ల దాకా రాదు. మనం ఓపెన్‌గా పెట్టింది మాత్రం వాళ్లకీ అందుతుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రమోషన్, నియామకాల దరఖాస్తులో డేటాసెట్లు, సాఫ్ట్‌వేర్ అని ఒక వరస చేర్చండి. శాశ్వతమైన గుర్తు ఉన్నవి, వేరేవాళ్లు దించుకుని నడపగలిగినవి మాత్రమే అందులో రాయనివ్వండి. లెక్కపెట్టడం కాదు, కమిటీలో ఒక్కరైనా దాన్ని తెరిచి చూడాలి. థీసిస్ ఇచ్చేటప్పుడు దేశంలోని థీసిస్‌లన్నీ దాచే శోధ్‌గంగకి పీడీఎఫ్ పంపుతున్నాం కదా, దాంతో పాటే ఆ థీసిస్ వెనకున్న కోడ్, డేటా ఎక్కడ దాచారో ఒక పేజీ తప్పనిసరి చేయండి. ఆ పేజీ లేకపోతే వైవా తేదీ ఇవ్వకండి. మొదటి ఏడాది గొణుగుతారు, రెండో ఏడాదికి అలవాటవుతుంది. ప్లేజియరిజం రిపోర్టుకీ మొదట్లో ఇలాగే గొణిగాం.

రెండోది కాపీల సంగతి. స్టాన్‌ఫర్డ్ లైబ్రరీవాళ్లు 1999లో లాక్స్ అని ఒక పద్ధతి మొదలుపెట్టారు. చాలా కాపీలుంటే వస్తువు భద్రం, ఆ పేరుకి అర్థం అదే. ఒక్కో లైబ్రరీలో ఒక మామూలు కంప్యూటర్, అవన్నీ తమ కాపీల్ని ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ, చెడిపోయినదాన్ని బాగుచేసుకుంటూ ఉంటాయి. మనకెందుకు కుదరదు? తిరుపతిలో ఉన్నది వరంగల్‌లో, వరంగల్‌లో ఉన్నది అనంతపురంలో, అనంతపురంలో ఉన్నది విశాఖలో. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, గుర్తుందా? ఆ తుపాను దెబ్బ అనంతపురం దాకా రాలేదు. రాష్ట్రాలు రెండైనా ఈ పనికి ఒప్పందాలు, వాటాలు అక్కర్లేదు. ఓపెన్‌గా ఉన్నదాన్ని దాచుకోవడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, అదే దాని సుఖం.

అన్నీ బయట పెట్టమని నేను అనడం లేదు. రోగుల వివరాలు, ఆధార్ నంబర్లు, ఎవరి ఇంటి సంగతులైనా ఉన్న సర్వే కాగితాలు బయటికి రాకూడదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం కూడా ఉంది. నా విద్యార్థిని తన సేకరణలో రాసినవాళ్ల పేర్లన్నీ తీసేసింది, సంతకాలున్న అంగీకార పత్రాలు బీరువాలో ఉన్నాయి. ఇక మనం ఉచితంగా పెడితే పెద్ద కంపెనీలు వాడుకుని డబ్బు చేసుకుంటాయని భయపడేవాళ్లున్నారు. ఆ భయం నాకూ ఉంది. దానికి లైసెన్సులున్నాయి, వాడినవాళ్లు తమ మార్పుల్ని కూడా తిరిగి ఓపెన్‌గానే ఇవ్వాలనే షరతు పెట్టొచ్చు. కానీ మూసిపెట్టుకుంటే ఏమవుతుందో నా డిస్కు చెప్పింది. ఎవరూ దోచుకోలేదు, ఎవరికీ మిగల్లేదు.

జూన్ తర్వాత నాకు తీరికే. మీ క్యాంపస్ ఏ మూలనున్నా నా సొంత ఖర్చుతో వస్తాను. మీ లైబ్రేరియన్, సర్వర్ చూసే మనిషి, ముగ్గురు నలుగురు రీసెర్చ్ స్కాలర్లు ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు. వాళ్ల ల్యాప్‌టాప్‌ల్లో ఉన్నవి ఆ సాయంత్రానికల్లా రెండు మూడు చోట్ల భద్రంగా చేరేలా చూపించి వస్తాను. నా విద్యార్థినికి ఆగస్టులో ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఈసారి ఆమె ఫైలు తిరగేసే చేతులు మీవే కావచ్చు. ఆ సేకరణ మొదటి పేజీలోనే ఒక ఎనభై ఏళ్ల ముసలమ్మ వణికే చేత్తో రాసిన తన ఊరి పేరు ఉంటుంది. దాన్ని తెరిచి చూడమని మనవి.

భవదీయురాలు,
ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు